24 కెల్విన్ దగ్గర ఓ రాత్రంతా

పీహెచ్‌డీ రెండో ఏడు నా చేతికొచ్చిన పదార్థం టీఎంటీఎస్ఎఫ్ పెర్‌క్లోరేట్. బెక్‌గార్డ్ లవణాలనే సేంద్రియ వాహకాల్లో ఒకటి. చూడ్డానికి మూడు మిల్లీమీటర్ల నల్లటి సూది. లోపల టీఎంటీఎస్ఎఫ్ అనే సేంద్రియ అణువులు పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి చేరి గొలుసులవుతాయి. కరెంటు ముఖ్యంగా ఆ గొలుసుల వెంటే పోతుంది.

మైక్రోస్కోపు కింద నాలుగు బంగారు తీగలు అంటించడానికే ఒక రోజు పట్టింది. ఊపిరి గట్టిగా వదిలితే సూది ఎగిరిపోతుంది.

మొదటి స్ఫటికాన్ని నేనే పాడుచేశాను. సాయంత్రానికల్లా అయిపోవాలని గబగబా చల్లబరిచాను. తగ్గాల్సిన రెసిస్టెన్స్ మెట్లుమెట్లుగా పైకెగిరింది. లోపల పగుళ్లు. సీనియర్ స్క్రీన్ చూసి, "పోయింది తమ్ముడూ, ఇంకోటి అంటించుకో" అన్నాడు.

రెండోసారి బుద్ధిగా కూర్చున్నాను. అసలు టెన్షన్ 24 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు మైనస్ 249 డిగ్రీల సెల్సియస్. పెర్‌క్లోరేట్ అయాన్లు వరసలో సర్దుకునేది అక్కడే. టైమివ్వకుండా దించేస్తే అడ్డదిడ్డంగానే బిగుసుకుపోతాయి, సూపర్‌కండక్టివిటీ (రెసిస్టెన్స్ లేకుండా కరెంటు పారడం) దెబ్బతింటుంది. అందుకే 30 నుంచి 20 దాకా నిమిషానికి 0.05 కెల్విన్ చొప్పున దించాను. మధ్యలో అమ్మ ఫోన్.

"ఏం చేస్తున్నావురా?"

"చల్లారబెడుతున్నానమ్మా."

"పొద్దున కూడా అదే అన్నావు!"

1.2 కెల్విన్ దగ్గర రెసిస్టెన్స్ సున్నాకి పడింది. అర కెల్విన్‌కి దించి, గొలుసులు పక్కపక్కన చేరిన పొరలకు నిలువుగా అయస్కాంత క్షేత్రం (ఫీల్డు) పెంచాను. కొద్దిపాటి ఫీల్డుకే సూపర్‌కండక్టివిటీ పోయింది. నేను ఎదురుచూస్తున్నది అది కాదు.

ఎలక్ట్రాన్ తన గొలుసు వెంట పరుగెడుతూ పక్క గొలుసుల్లోకి అటూ ఇటూ ఊగుతుంటుంది. ఫీల్డు పెరిగేకొద్దీ ఆ ఊపు కురచవుతుంది, పశువుకి పలుపు కుదించినట్టు. పక్కకి తప్పుకునే చోటు తగ్గేసరికి ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణదే పైచేయి అవుతుంది. స్పిన్‌లు, అంటే ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాలు, అలలా బారుతీరతాయి, స్పిన్ డెన్సిటీ వేవ్ పుడుతుంది. సిద్ధాంతకారులు గోర్కోవ్, లెబెడ్ 1984లో చెప్పిన వివరణ ఇదే. మామూలుగా లోహాన్ని అయస్కాంతంలో పెడితే ఇంత గొడవేం జరగదు!

ఫీల్డు 4 టెస్లా దాటాక రెసిస్టెన్స్ గీత ఒక్కసారిగా వంగి పైకి లేచింది. ఆ తర్వాత ఇంకో వంపు, ఇంకోటి. తెల్లవారుజామున మూడున్నరకి సీనియర్‌కి ఫోన్ చేశాను.

"ఫీల్డు దించేటప్పుడు కూడా తీశావా?"

తీయలేదు. మళ్లీ కూర్చుని దించుతూ కొలిచాను. వంపులు ఈసారి కాస్త తక్కువ ఫీల్డు దగ్గర వచ్చాయి.