కయాక్ మీంచి గాలం: చెన్నై వెనకనీళ్లలో

గట్టు మీద నిలబడి గాలమేస్తే అందనంత దూరంలో, మోటారు బోటు దూరలేనంత తక్కువ లోతులో కొన్ని నీళ్లుంటాయి. మడచెట్ల వేళ్ల కింద, ఇసుక మేట అంచున, వంతెన స్తంభాల నీడలో. పండుగప్ప (ఇక్కడి తమిళంలో కొడువా) పొంచి ఉండేది అలాంటి చోట్లే. కయాక్‌కి (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) అరడుగు నీళ్లు చాలు, చప్పుడుండదు, మనిషి నీటి మట్టానికి జానెడు ఎత్తులో కూర్చుంటాడు. పెద్ద చేప పడితే పడవనే లాక్కుపోతుంది. ఆ లాగుడు రుచి మరిగినవాళ్లు మళ్లీ గట్టు మీద కుర్చీ వేసుకోవడం కష్టం.

చెన్నై తీరానికి ఇది మరీ కొత్త సంగతి కాదు. కట్టుమరం మీదికెక్కిన అల దుంగల సందుల్లోంచి తనే దిగిపోతుంది. సిట్-ఆన్-టాప్ (లోపల కాక పైన కూర్చునే రకం) కయాక్ అడుగున ఉండే స్కప్పర్ రంధ్రాలు చేసేదీ అదే పని. గాలానికి ఈ రకమే కొనండి. కాళ్లు లోపల పెట్టుకునే రకం బోల్తా పడితే నీళ్లు నిండిపోతాయి, వాటిని ఒంటరిగా తోడి మళ్లీ ఎక్కడం దాదాపు కాని పని. పొడవు 10–12 అడుగులు, వెడల్పు 30–34 అంగుళాలు సరిపోతుంది. తెడ్డు 240 సెం.మీ. దగ్గర ఉండాలి. పొట్టిదైతే అంచుకు టకటకా తగులుతుంది, ఆ చప్పుడుకే చేప తప్పుకుంటుంది.

తెడ్డు వేయడం ఒక్క పూటలో వస్తుంది. కొట్టుకుపోవడం నేర్చుకోవడానికే టైం పడుతుంది. గాలి వచ్చే వైపుకి ముందు ఎక్కిపోయి, మడ అంచుకి 12–15 మీటర్ల ఎడంలో తెడ్డు ఒళ్లో పెట్టుకుని వదిలేయాలి. కయాక్ అంచు వెంట జారుతుంటే ముందువైపుకి, ఏటవాలుగా లూర్ (నకిలీ ఎర) విసురుతూ పోవడం. దాటిపోయిన చోటికి వెనక్కి విసిరితే లాభం లేదు, మన నీడ అప్పటికే పడి ఉంటుంది. గాలి జోరుగా ఉండి అంచు త్వరగా అయిపోతుంటే 18–24 అంగుళాల డ్రిఫ్ట్ షూట్ (నీళ్లలో తెరుచుకుని పడవ వేగం తగ్గించే గొడుగులాంటి గుడ్డ) వెనక కట్టండి.

పాటు మొదలైన తొలి గంటలు మంచివి. నీరు దిగుతుంటే రొయ్యలు, చిన్న చేపలు మడ వేళ్లలోంచి బయటికి రాక తప్పదు. అయితే చెన్నైకి దక్షిణాన ఉన్న ముట్టుకాడు వెనకనీళ్లలో ఆటుపోట్ల పట్టిక ఒక్కటే నమ్ముకుంటే దెబ్బతింటారు. ఇసుక మేట వేసి మొగ (నీరు సముద్రంలో కలిసే చోటు) మూసుకుపోయిన రోజుల్లో లోపల పోటూ లేదు, పాటూ లేదు. ముందు మొగ తెరిచుందో లేదో చూడాలి. తెరిచుంటే పాటు జోరులో దాని దగ్గరికి పోవద్దు. నీరు సముద్రంలోకి తోస్తుంటుంది, ఎదురుగా అల విరుగుతుంటుంది.

లంగరు 1.5 కేజీల మడతది చాలు, తాడు లోతుకి కనీసం ఐదింతలు. దాన్ని పక్కన మాత్రం కట్టొద్దు. ప్రవాహానికి అడ్డం తిరిగిన కయాక్ ఒరిగి, అంచు ముంచుకుని తిరగబడుతుంది. ముక్కు నుంచి తోక దాకా రెండు కప్పీల మీద తిరిగే తాడు బిగిస్తే, కూర్చున్న చోటు నుంచే లంగరును కొసకు జరపొచ్చు. యాంకర్ ట్రాలీ అంటారు. తాడు చివర చిన్న బోయా ఉంచి, ఒక్క గుంజుకు ఊడేలా పెట్టుకోండి. ఇరుక్కుంటే వదిలేసి తర్వాత వచ్చి తీసుకోవచ్చు.

రాడ్ 7 అడుగులు ఉండాలి. చేప అడుగునుంచి అవతలి పక్కకి దూరినప్పుడు రాడ్ కొస కయాక్ ముక్కు చుట్టూ తిరగగలగాలి, లేకపోతే అంచుకు ఆని విరుగుతుంది. 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), దాని ముందు రెండడుగుల 40 పౌండ్ల లీడర్ (గాలం దగ్గర కట్టే గట్టి లైన్). పండుగప్ప మొప్ప డిప్ప అంచు లైన్‌నీ కోస్తుంది, వేళ్లనీ కోస్తుంది. డ్రాగ్ (చేప లాగితే రీల్ లైన్‌ను వదిలే బిగువు) గట్టు మీద పెట్టేదానికంటే వదులుగా, 4 పౌండ్ల దగ్గర ఉంచండి, మిగతా బ్రేకు కయాక్ బరువే వేస్తుంది. లూర్‌కున్న మూడు కొసల గాలాలు తీసి ఒంటి గాలాలు వేయండి, కొస వెనక పన్ను ప్లయర్‌తో నొక్కేయండి. ఒళ్లో ఎగిరే చేప, పక్కనే తొడ, మూడు కొసల గాలం: ఆ లెక్క ఎవరికీ కలిసిరాదు. జెల్ల పడితే చేత్తో పట్టొద్దు. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి, ఆసుపత్రికి పోవాలి.

ముట్టుకాడు దగ్గరున్న కోవళం నుంచి (కేరళది కాదు) సముద్రంలోకి వెళ్దామనుకునేవాళ్లకి ఒకటే మాట: నేల మీంచి వీచే గాలిని నమ్మొద్దు. తెల్లవారుజామున పడమటి గాలి ఉన్నా ఒడ్డు పక్కన నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. అర కిలోమీటరు పోయి వెనక్కి తిరిగితే గానీ ఎదురుగాలి సంగతి తెలియదు. జూన్, జూలైలో ఆ గాలి బలంగా ఉండి, సముద్రపు గాలి తిరిగేసరికి మధ్యాహ్నం దాటొచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల, గాలుల అంచనా ముందురాత్రే చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రం ఊసే వద్దు.

రాడ్ పట్టుకునే ముందు ఛాతీ లోతు నీళ్లలో కావాలని బోల్తా కొట్టి చూసుకోవాలి. లైఫ్ జాకెట్ వేసుకునే. కయాక్‌ని తిప్పి నిలబెట్టాక, కాళ్లు నీటి పైకి వచ్చేలా తన్నుతూ పొట్టను అడ్డంగా పైకి లాక్కోవాలి, తర్వాత వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చోవాలి, కాళ్లు చివర్లో. కాళ్లు ముందు పెట్టబోతే మళ్లీ నీళ్లలోకే. తెడ్డుకి, రాడ్‌కి లీష్ (పడవకి కట్టి ఉంచే తాడు) కట్టకపోతే ఆ అరనిమిషంలో రెండూ పోతాయి.

ప్యాడిల్ బోర్డు మీద నిలబడితే నీటి లోపల చేప నీడ కనిపిస్తుంది. కయాక్‌కి లేని సుఖం అదొక్కటే. గాలికి ఇంకా త్వరగా కొట్టుకుపోతుంది, ఆల్చిప్పలకి బోర్డు అడుగున ఉండే ఫిన్ (రెక్క) తగిలితే మనిషి ముందుకు ఎగిరిపడతాడు. గాలి నింపే రకమైతే చెన్నై ఎండలో 15 పీఎస్‌ఐ నింపి ఇసుకలో వదలొద్దు. లోపలి గాలి వేడెక్కి అతుకులు ఊడతాయి. నీడలో పెట్టండి, లేదా కొంచెం గాలి తీసేయండి.

కుప్పం (జాలరి పల్లె) వాళ్లు వేసిన వలల థర్మాకోల్ బెండ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లండి, మధ్యలోంచి కాదు. దిగే ముందు వాళ్లనే అడిగితే ఆ రోజు వలలు ఎటున్నాయో చెబుతారు, నీళ్లెలా ఉన్నాయో కూడా.