దాచింది నేనే, వెతికిందీ నేనే

పొద్దున ఏడు కాకముందే షెడ్డు తలుపు తీశాను. మూడు వారాలుగా నా హోండా సివిక్ కారు బానెట్ లేకుండా నిలబడి ఉంది. దాని వైరింగ్ హార్నెస్, అంటే వైర్లన్నీ కలిపిన కట్ట, నేల మీద, పాత దుప్పటి మీద, కొమ్మలూ రెమ్మలూ చాపుకుని పడి ఉంది. ఇవాళ ఎలాగైనా దాన్ని లోపల బిగించేసి ఇంజన్ స్టార్ట్ చేయాల్సిందేనని రాత్రే తీర్మానించుకున్నా. ఇలా తీర్మానించుకున్న రోజుల్లో ఏమవుతుందో నాకు బాగానే తెలుసు.

అసలు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో రాసిపెట్టుకోవాలి, రేపు నాకే గుర్తుండదు. ఇంజన్ బీ16. వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే వీటెక్‌ని 1989లో హోండా మొదటిసారి తెచ్చింది ఈ ఇంజన్‌తోనే, 1,595 సీసీ, టర్బో లేకుండానే లీటరుకి వంద గుర్రాల బలం, పైన ఎర్ర వాల్వ్ కవరు. అలాంటి దాని మీద జిగురు కారిపోయిన టేపు, వేలు పెడితే పొడిపొడిగా రాలే ప్లాస్టిక్ గొట్టాలు, ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెలియని వైర్లు అడ్డదిడ్డంగా పడి ఉంటే బానెట్ ఎత్తినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. కొత్తగా రంగు వేయించాక మరీ భరించలేకపోయా. వైరు కంటికి కనపడకూడదు, కారు మాత్రం మునుపటిలాగే పరిగెత్తాలి. వైర్ టక్ అంటే ఇంతే. చెప్పడానికి ఇంతే.

టేపు విప్పడానికే ఒక వారం పోయింది. ఆ జిగురు చేతికి అంటుకుంటే సబ్బుకి లొంగదు, పెట్రోలు తడిపిన గుడ్డతో రుద్దాలి. విప్పుతూ విప్పుతూ ఆక్సిజన్ సెన్సార్ కొమ్మ దగ్గర ఒక ఉబ్బు తగిలింది. పైన నల్ల టేపు, కింద ఇంకో నల్ల టేపు, దాని కింద బఠానీ గింజంత సోల్డరు ముద్ద. ఎవడీ పని చేసిన మహానుభావుడు అని తిట్టుకోబోయి ఆగాను, ఆరేళ్ల కిందట సెన్సార్ మార్చినప్పుడు ఆ అతుకు వేసింది నేనే. సోల్డరింగ్ చేశా, ఇక జన్మలో ఊడదని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నది కూడా గుర్తొచ్చింది. ఊడలేదు నిజమే. కానీ సోల్డరు కరిగినప్పుడు వైరు పోగుల మధ్య నుంచి పైకి పాకి, అక్కడిదాకా వైరుని గట్టి కడ్డీలా చేసేసింది. ఆ కడ్డీ ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడే, ఇంజన్ ఊపుకి ఊపుకి ఒక్కో పోగే తెగిపోయి చివరికి మూడు పోగుల మీద నిలబడి ఉంది. మిగతావన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గోటితో కొంచెం మీటితే ఆ మూడూ వచ్చేశాయి. ఇన్నాళ్లూ అప్పుడప్పుడూ చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరిపోతుంటే పెట్రోలుని తిట్టాను, పాపం.

అందుకే ఈసారి ఒక్క అతుక్కి కూడా సోల్డరు పెట్టలేదు, అన్నీ క్రింపింగే, అంటే చిన్న లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కేయడమే, మంచి ప్లయరు తెచ్చుకుని. ఇంకో చిన్న సంగతి, నాలుగు వైర్లు పొడిగించాల్సి వస్తే నాలుగు అతుకులూ ఒకే చోట వేయకూడదు. మెట్లు మెట్లుగా, ఒక్కోటి రెండు మూడు అంగుళాల ఎడంతో వేస్తే కట్ట సన్నగా ఉంటుంది, లేకపోతే ఎలుకని మింగిన పాములా మధ్యలో ఉబ్బుతుంది. రంగులు కూడా హోండా వాడు వేసినవే ఉంచాను. ఇంజెక్టర్లకి ఒకటి నుంచి నాలుగు దాకా గోధుమ, ఎరుపు, లేత నీలం, పసుపు, వాటికి కరెంటు తెచ్చేది పసుపు మీద నల్ల గీత ఉన్న వైరు. అన్నీ నల్ల వైర్లే వాడితే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఆ బ్రహ్మాండంలో ఏది ఏదో బ్రహ్మకే తెలియాలి.

పదకొండింటికి తమ్ముడొచ్చాడు. వాడికి ఈ పని మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. ఫెండర్ లోపలికి టార్చి కొట్టి చూసి, "అన్నా, టైరు తగులుద్దేమో చూసుకున్నావా?" అన్నాడు. చూసుకున్నా. చూసుకున్నానని చూపించడానికి మళ్లీ చేశా కూడా. ఫెండర్ లోపలి రేకంతా చాక్‌పీస్ పొడి పూసి, జాకీతో చక్రాన్ని పైకి నొక్కి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసదాకా తిప్పాం. పొడి చెరిగిన చోట టైరు తగులుతున్నట్టే. కారు కిందికి దించి ఉంది కాబట్టి చెరిగిన మేర నేను అనుకున్నదానికంటే ఒక జానెడు ముందుకి వచ్చింది, దాంతో హెడ్‌లైట్ల కొమ్మని పై అంచు దాకా జరిపి కొత్తగా రెండు క్లిప్పులు వేయాల్సొచ్చింది. వాడు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో వాడికో స్టైలుంది.

ఫ్యూజు బాక్సుని కూడా క్యాబిన్‌లోకి తోసేయమని, బ్యాటరీని డిక్కీలోకి పంపేయమని చాలామంది చెప్పారు. చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ సెల్ఫ్ కొట్టినప్పుడు వంద ఆంపియర్ల పైమాటే లాగే కేబుల్‌ని కారు పొడవునా, ఎక్కడా రేకుకి ఒరుసుకోకుండా తీసుకెళ్లాలి, బ్యాటరీ పక్కనే దానికో పెద్ద ఫ్యూజు పెట్టాలి, లేదంటే అది ఒరుసుకున్న రోజు ఆపేవాడు ఉండడు. అంత ధైర్యం నాకు లేదు. ఆ రెండూ ఉన్న చోటే ఉన్నాయి. ఆల్టర్నేటర్ లావు వైరు కూడా బయటికే కనిపిస్తోంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనక నుంచి తిప్పితే దాగుతుంది కానీ ఆ వేడికి మామూలు పీవీసీ తొడుగు మెత్తబడిపోతుంది. 150 డిగ్రీలు తట్టుకునే టెఫ్జెల్ వైరు ఉంది నిజమే, దాన్ని కూడా మానిఫోల్డ్‌కి ఆనించి పెట్టమని ఎవరూ చెప్పరు.

మధ్యాహ్నం రెండింటికల్లా అన్నీ లోపలికి వెళ్లిపోయాయి. ఇంజన్ హార్నెస్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద నుంచి, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు, ఫైర్‌వాల్, దాని చిల్లులోంచి కొత్త రబ్బరు గ్రోమెట్ గుండా. డిస్ట్రిబ్యూటర్ సెన్సార్ వైర్లు ప్లగ్గు వైర్లకి దూరంగా. వెనక్కి జరిగి చూశా. నిజంగా బాగుంది. ఎర్ర కవరు, కడిగిన అల్యూమినియం, రంగు వేసిన రేకు, అంతే, ఆ ఇంజన్‌కి కరెంటు అక్కర్లేదేమో అన్నట్టుంది. పది ఫొటోలు తీశా.

తాళం తిప్పితే అర్థమైంది, నిజంగానే కరెంటు అక్కర్లేదని.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. తాళం ఆన్‌లో పెట్టగానే వెనక సీటు కింది నుంచి పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్‌మనాలి, అనలేదు. చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలిగి ఆరాలి, అసలు వెలగనే లేదు. ఫ్యూజులు చూశా, బాగున్నాయి. మెయిన్ రిలే పీకి మళ్లీ పెట్టా. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ, దాని కప్లర్లు రెండుసార్లు ఊడదీసి బిగించా. బ్యాటరీ 12.6 వోల్టులు, దానికేం రోగం లేదు. గంటన్నర గడిచింది, చొక్కా తడిసిపోయింది, టెన్షన్‌లో పదమూడు రకాల తప్పులు ఊహించుకున్నా, వాటిలో ఈసీయూ కాలిపోవడం కూడా ఒకటి.

చివరికి తమ్ముడే మల్టీమీటర్ తీసుకుని, "ఈసీయూకి ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుందన్నా?" అన్నాడు. నేను నోరు తెరిచి మూసేశా. ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి. ఈ కార్లలో ఈసీయూ ఎర్త్ వైర్లు బాడీకి రావు. ఇంజన్ మీద థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర ఒకే బోల్టు కింద ఒక లగ్‌తో, అంటే వైర్ల కొసన ఉండే లోహపు రింగుతో, ఉంటాయి, నల్లవి, గోధుమ మీద నల్ల గీత ఉన్నవి కలిపి. ఆ ఒక్క బోల్టు లేకపోతే పంపూ లేదు, లైటూ లేదు, ఏమీ లేదు. ఈ సంగతి నాకు తెలుసు. వేరేవాళ్లకి చెప్పాను కూడా. మీటర్ పెట్టి చూస్తే ఈసీయూ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కనెక్షనే లేదు.

థర్మోస్టాట్ దగ్గర బోల్టు ఉంది, దాని కింద లగ్ లేదు. హార్నెస్‌లో కూడా ఎక్కడా కనపడదు. ఎందుకు కనపడుతుంది, దాచింది నేను కదా. హార్నెస్ లోపలికి దూర్చేటప్పుడు కొత్త రంగుకి గీత పడకూడదని ఆ లగ్‌ని వెనక్కి మడిచి కట్టకి ఆనించి టేపు చుట్టా, తర్వాత విప్పుదామని. రెండు రోజులయ్యాక దాని మీదుగా స్లీవు ఎక్కించి హీట్‌గన్‌తో ముడుచుకునేలా చేశా. మొత్తం హార్నెస్‌లో నాకు బాగా నచ్చిన చోటు అదే, ఫొటోల్లో దగ్గరగా తీసింది కూడా అదే. చేత్తో నొక్కుతూ వెళ్తే స్లీవు కింద గుండ్రంగా, నాణెంలా తగిలింది.

బ్లేడు పెట్టి కోస్తుంటే కడుపు తరుక్కుపోయింది. లగ్ బయటికి తీసి బోల్టు కింద పెట్టబోతే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"దీనికి కూడా రంగేశావు కదా?"

వేశా. హౌసింగ్ బాగుంటుందని వెండి రంగు వేశా, బోల్టు కూర్చునే చోటుతో సహా. దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్ది లోహం మెరిసేదాకా గీకి అప్పుడు బిగించాం. తాళం తిప్పితే పంపు గుయ్‌మంది. ఆ చప్పుడు వింటే ఎంత హాయిగా ఉంటుందో రాయడం చేతకాదు. రెండో సెల్ఫ్‌కే అందుకుంది. బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు. సెల్ఫ్ కొడుతూ ఇంజన్ బ్లాకుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలిస్తే 0.1 వోల్టు, అంటే ఇంజన్ ఎర్త్ బాగానే ఉన్నట్టు. రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరిగి ఆగేదాకా కదలకుండా అక్కడే కూర్చున్నాం, ఎందుకంటే ఫ్యాన్ వైరు కూడా నేను దాచినవాటిలోనే ఉంది, ఇక నా మీద నాకు నమ్మకం లేదు.

కోసిన స్లీవు అంచులు విచ్చుకుని, లగ్ పట్టుకున్న నాలుగు వైర్లు ఎర్ర కవరు పక్కన బాహాటంగా కనిపిస్తున్నాయి. మళ్లీ స్లీవు వేస్తావా అన్నాడు తమ్ముడు. ఇవాళ్టికి వద్దన్నా. పైన పలచగా ఒక చుట్టు గుడ్డ టేపు వేసి, బోల్టు మాత్రం కనపడేలా వదిలేశా.

చీకటి పడుతుంటే చివరగా లైట్లు చూశాం. హెడ్‌లైట్లు రెండూ వెలిగాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే, దానితో పాటు ఎడమ హెడ్‌లైటు కూడా కొద్దిగా కళ్లు ఆర్పుతోంది.

అది ఇంకో ఎర్త్. ఫెండర్ లోపల, కొత్త క్లిప్పుల వెనక ఎక్కడో. రేపు.