63 మైళ్ళే అయినా లెక్క పూర్తిగా వెయ్యాలి

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ చేతికి రాగానే చాలామంది చూపు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మీదకు, అంటే మేఘాల్లో పరికరాలు చూస్తూ నడిపే అర్హత మీదకు పోతుంది. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దానికి పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానానికి బాధ్యత వహించే పైలట్‌గా, 50 గంటల క్రాస్-కంట్రీ (ఊరి నుంచి ఊరికి దూర ప్రయాణం) అడుగుతుంది. బయల్దేరిన చోటు నుంచి సరళరేఖలో 50 నాటికల్ మైళ్ళు దాటిన చోట దిగితేనే ఆ గంటలు లెక్కలోకి వస్తాయి. 49 మైళ్ళ దగ్గర ఎన్నిసార్లు దిగినా ఉపయోగం లేదు.

ఆటోపైలట్ వేసి జీపీఎస్ గీత వెంట పోతే గంటలు నిండుతాయి. కానీ నావ్ లాగ్‌లో, అంటే ప్రయాణ లెక్కల కాగితంలో, ‘అనుకున్న సమయం’ పక్కనే ‘పట్టిన సమయం’ అనే గడి ఉంటుంది. దాన్ని ప్రతి చెక్‌పాయింట్ (దారిలో నేల మీద పెట్టుకున్న గుర్తు) దగ్గర నింపినప్పుడే గాలి గురించి, ఇంధనం గురించి నిజంగా తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

డాలస్ ఉత్తర శివార్లలో మన తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి అక్కడి రూటే తీసుకుందాం. మెకిన్నీ నుంచి టెక్సస్‌లోని పారిస్, అంటే కాక్స్ ఫీల్డ్. దూరం 63 నాటికల్ మైళ్ళు, ట్రూ కోర్సు (నిజమైన ఉత్తరం నుంచి కొలిచిన దిశ) సుమారు 064 డిగ్రీలు. విమానం సెస్నా 172ఎస్, ట్రూ ఎయిర్‌స్పీడ్ (గాలిలో విమానం అసలు వేగం) 110 నాట్లు, అంటే గంటకు 110 నాటికల్ మైళ్ళు అనుకుందాం. తూర్పు వైపు ప్రయాణం కాబట్టి ఎత్తు 5,500 అడుగులు, తిరిగొచ్చేటప్పుడు 4,500.

టెక్సస్‌లో దక్షిణ గాలి మామూలే. పైన 190 డిగ్రీల దిశ నుంచి 25 నాట్ల గాలి ఉందనుకోండి. పోయేటప్పుడు కుడి పక్క నుంచి 20 నాట్లు తోస్తుంది, వెనక నుంచి 15 నాట్లు సాయపడుతుంది. ముక్కు కుడికి దాదాపు 11 డిగ్రీలు తిప్పి పట్టాలి. గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోలిస్తే వేగం) 123 వస్తుంది, తిరుగు ప్రయాణంలో 93కి పడిపోతుంది. దిద్దుబాటు లేకుండా 064 మీదే పోతే అరగంటలో పది మైళ్ళు ఎడమకు కొట్టుకుపోతారు.

కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఎక్కే దశ లెక్కలో. మొత్తం దూరాన్ని 123తో భాగిస్తే 31 నిమిషాలు వస్తుంది. కానీ 74 నాట్ల ఇండికేటెడ్ స్పీడ్‌తో (మీటర్ చూపే వేగం) ఎక్కడానికే దాదాపు 8 నిమిషాలు, 12 మైళ్ళు పోతాయి. అసలు సమయం 33 నిమిషాలు. క్లైంబ్‌ను వేరే గడిలో రాయకపోతే మొదటి చెక్‌పాయింట్ ప్రతిసారీ ఆలస్యమవుతుంది, మీరేమో గాలి సూచన తప్పనుకుంటారు.

చెక్‌పాయింట్‌గా ఒకే నీటి ట్యాంకునో ఒకే రోడ్డునో పెట్టుకోవద్దు. రెండు మూడు గుర్తులు కలిస్తేనే నమ్మాలి. ఈ రూటులో లెనర్డ్ ఊరు కాస్త ఎడమన వస్తుంది, లడోనియా దాదాపు గీత మీదే ఉంటుంది. యూఎస్-82 హైవే ఎడమ నుంచి మెల్లగా దగ్గరికొచ్చి పారిస్ దగ్గర కలుస్తుంది. లడోనియా ఉండాల్సిన సమయానికి కింద హనీ గ్రోవ్, హైవే కనిపిస్తే ఏడెనిమిది మైళ్ళు ఉత్తరానికి జరిగినట్టే.

లెనర్డ్ నుంచి లడోనియా సుమారు 15 మైళ్ళు, అంటే ఏడుంపావు నిమిషాలు. ఎనిమిదిన్నర పట్టిందా? గ్రౌండ్ స్పీడ్ 106 మాత్రమే. అక్కడికక్కడే మిగతా సమయం, ఇంధనం మళ్ళీ లెక్కించండి.

పక్కకు జరిగితే అరవైతో లెక్క. 35 మైళ్ళు వచ్చేసరికి 3 మైళ్ళు ఎడమన ఉంటే 3ని 35తో భాగించి 60తో గుణించండి, 5 డిగ్రీల తప్పు. మిగిలిన 28 మైళ్ళలో గమ్యం చేరాలంటే ఇంకో 6. మొత్తం 11 డిగ్రీలు కుడికి. 5 మాత్రమే తిప్పితే అసలు గీతకు సమాంతరంగా 3 మైళ్ళు పక్కనే పోతూ ఉంటారు.

మెకిన్నీ దగ్గర క్లాస్ బి (పెద్ద ఎయిర్‌పోర్టు చుట్టూ అనుమతి లేనిదే పోకూడని గగనతలం) అంచులు ఎంత ఎత్తు నుంచి మొదలవుతాయో చార్టులో ముందే చూసుకోండి. ఫ్లైట్ ఫాలోయింగ్ (రాడార్‌లో కంట్రోలర్ మనల్ని గమనిస్తుండే సేవ) దొరికింది కదా అని లోపలికి పోకూడదు. ‘క్లియర్డ్ ఇన్‌టు ద బ్రావో’ (బి లోపలికి అనుమతి) అన్న మాట చెవిన పడాల్సిందే.

వాతావరణం విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తాను. టాఫ్ అనే ఎయిర్‌పోర్టు వాతావరణ సూచన దాని చుట్టూ 5 స్టాట్యూట్ మైళ్ళకే వర్తిస్తుంది, నడిమధ్య దారికి కాదు. కాక్‌పిట్ టాబ్లెట్‌లో కనిపించే రాడార్ బొమ్మ, పక్కన రాసిన వయసు కంటే 15-20 నిమిషాలు పాతది కావచ్చని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. ఉరుముల మేఘాల సందులోంచి దారి వెతకడానికి ఆ బొమ్మ పనికిరాదు.

ఎండాకాలం 38 డిగ్రీలుంటే 600 అడుగుల ఎత్తున్న మెకిన్నీలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ 3,500 దాకా పోతుంది, అంటే గాలి పలచబడి విమానం అంత ఎత్తులో ఉన్నట్టే నడుస్తుంది. ఫుల్ ట్యాంకుల్లో వాడుకోగలిగేది 53 గ్యాలన్లు, అంటే 318 పౌండ్లు. ఆ బరువుతో నలుగురు పెద్దవాళ్ళు ఎక్కే లెక్క ఈ విమానంలో కుదరదు.

దిగడం కూడా లెక్కే. కాక్స్ ఫీల్డ్‌లో కంట్రోల్ టవర్ లేదు. పేటర్న్ (దిగేముందు రన్‌వే పక్కన తిరిగే దారి) ఎత్తు సుమారు 1,550 అడుగులు. 5,500 నుంచి నిమిషానికి 500 చొప్పున 8 నిమిషాలు, అంటే 16 మైళ్ళ ముందే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే వేగంగా, ఎత్తుగా డౌన్‌విండ్‌లో (పేటర్న్‌లో రన్‌వేకు సమాంతరంగా పోయే భాగం) పడతారు. పది మైళ్ళ నుంచి రేడియోలో చెప్తూ రండి. అదే ఫ్రీక్వెన్సీని వేరే ఊళ్ళూ వాడతాయి కాబట్టి ‘పారిస్ ట్రాఫిక్’ అని మొదట్లోనూ చివర్లోనూ అనాలి. రేడియో లేని విమానాలూ ఉంటాయి, కళ్ళు బయటే ఉండాలి. వీఎఫ్ఆర్ (కళ్ళతో చూస్తూ నడిపే) ఫ్లైట్ ప్లాన్ వేసి ఉంటే దిగాక మూసెయ్యండి. అనుకున్న సమయం దాటి అరగంటలో మూయకపోతే మీ కోసం వెతకడం మొదలవుతుంది.

ఇక ఇంధనం. రానుపోను 77 నిమిషాలు, గంటకు 9 గ్యాలన్ల చొప్పున పదకొండున్నర. స్టార్ట్, టాక్సీకి 1.4, క్లైంబ్‌కి మరొకటి కలిపితే 14. పగటి పూట చట్టం అడిగే రిజర్వు (అదనంగా మిగలాల్సిన ఇంధనం) 30 నిమిషాలే, రాత్రికి 45. నా సలహా ఎప్పుడైనా పూర్తి గంట, అంటే ఇంకో 9. బయల్దేరేముందు గేజ్‌ను నమ్మకుండా డిప్‌స్టిక్ పెట్టి చూడండి. తిరిగొచ్చి ట్యాంకులు బయల్దేరినప్పటి మట్టానికి నింపితే, పట్టిన గ్యాలన్లు నావ్ లాగ్‌లోని 14 పక్కన రాయండి. 17 పట్టిందంటే మొదట అనుమానించాల్సింది మిక్స్‌చర్ లీన్ చెయ్యకపోవడాన్నే, అంటే ఇంజిన్‌కు పోయే గాలి-ఇంధన మిశ్రమంలో ఇంధనం తగ్గించకపోవడాన్నే. మాన్యువల్‌లో క్రూజ్ (సమంగా ఎగిరే దశ) అంకెలన్నీ సరిగ్గా లీన్ చేసినప్పటివి. లీన్ చేసినా అంతే పడుతుంటే, ఆ విమానానికి 9 బదులు 11 వేసుకుని తర్వాతి లెక్క మొదలుపెట్టండి.