ఆల్డిహైడ్ దగ్గర చర్య ఎందుకు ఆగుతుంది? నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి

ఫ్రెండ్స్, ఆర్గానిక్‌లో నన్ను బాగా ఏడిపించిన టాపిక్ ఆల్డిహైడ్ల (చివర -CHO ఉండే సమ్మేళనాలు) తయారీ. రోజెన్‌మండ్, స్టీఫెన్, ఈటార్డ్ అని ఆ తయారీ చర్యల పేర్లన్నీ చార్ట్ మీద రాసి గోడకు అంటించి, రోజూ పొద్దున్నే అప్పజెప్పుకునేవాడిని. తీరా మాక్ టెస్ట్‌లో "వీటిలో క్షయకరణం (రిడక్షన్) కానిది ఏది?" అంటే స్టీఫెన్ పెట్టి వచ్చాను! ఈటార్డ్‌లో టోలీన్‌ను క్రోమిల్ క్లోరైడ్‌తో ఆక్సీకరణం చేస్తారని ఆ చార్ట్‌లో రాసింది నేనే.

చార్ట్ పీకేసి, ఒక్క ఎస్టర్‌ను (-COOR ఉండేది) పట్టుకుని కూర్చున్నాను. హైడ్రైడ్‌ను (H⁻) అందించి క్షయకరణం చేసే లిథియం అల్యూమినియం హైడ్రైడ్ వేస్తే ముందు ఆల్డిహైడే వస్తుంది. కానీ హైడ్రైడ్‌కు ఎస్టర్ కన్నా ఆల్డిహైడ్ ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. పుట్టీ పుట్టగానే ఇంకో హైడ్రైడ్ తగిలి ప్రైమరీ ఆల్కహాల్ అయిపోతుంది. మరి డైబాల్-హెచ్ (DIBAL-H, ఇంకో అల్యూమినియం హైడ్రైడ్ రియేజెంట్) ఆల్డిహైడ్ దగ్గరే ఎలా ఆపుతుంది? మైనస్ 78 డిగ్రీల దగ్గర హైడ్రైడ్ చేరాక, ఆక్సిజన్‌ను అల్యూమినియం పట్టుకుని ఉన్న మధ్యస్థం (ఇంటర్మీడియట్) ఆ చలికి విడిపోకుండా అలాగే ఉండిపోతుంది. తర్వాత నీళ్లు పోస్తేనే ఆల్డిహైడ్ బయటికొస్తుంది, అప్పటికి దాన్ని కొట్టడానికి హైడ్రైడ్ మిగలదు. అందుకే ప్రశ్నలో ఉష్ణోగ్రత ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదని అర్థం. రియేజెంట్ ఎక్కువ వేసి వేడి చేశారంటే ఆల్కహాల్ వైపు చూడండి.

ఇది పట్టుబడ్డాక నైట్రైల్ (-CN ఉండేది) అరగంట పని. స్టానస్ క్లోరైడ్, హెచ్‌సీఎల్‌తో చేసే స్టీఫెన్ చర్య ఇమీన్ (C=NH) దగ్గర ఆగుతుంది, జలవిశ్లేషణతో ఆల్డిహైడ్ వస్తుంది. బెంజోనైట్రైల్ అయితే బెంజాల్డిహైడ్. లిథియం అల్యూమినియం హైడ్రైడ్ అయితే ఏకంగా ఎమీన్ (-NH₂) దాకా పోతుంది. రెండో స్టెప్‌లో ఆమ్లం, నీళ్లు ఉన్నాయో లేదో చూడకుండా ఆప్షన్ పెట్టకండి (నేను రెండుసార్లు పెట్టాను). ఇంకో చిన్న ఉచ్చు, పెంట్-3-ఈన్‌నైట్రైల్. డైబాల్-హెచ్ ఆ ద్విబంధం జోలికి పోదు, పెంట్-3-ఈనాల్ (pent-3-enal, ఆల్డిహైడే) వస్తుంది. నైట్రైల్ కార్బనే ఆల్డిహైడ్ కార్బన్ అవుతుంది కాబట్టి కార్బన్ల లెక్క అయిదే, ఆరు రాయొద్దు.

రోజెన్‌మండ్‌కు పెద్దగా టైమ్ అక్కర్లేదు. ఎసిడ్ క్లోరైడ్, హైడ్రోజన్, బేరియం సల్ఫేట్ మీద పల్లాడియం. క్వినోలిన్‌తోనో సల్ఫర్‌తోనో ఉత్ప్రేరకాన్ని కొంచెం మందగింపజేస్తారు, ఇక్కడా గొడవంతా ఆల్డిహైడ్ దగ్గర ఆపడానికే. ఫార్మాల్డిహైడ్ మాత్రం ఈ దారిలో రాదు, ఎందుకంటే దానికి కావాల్సిన ఫార్మైల్ క్లోరైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర నిలవదు. అసర్షన్-రీజన్ (వాక్యం, దానికి కారణం ఇచ్చి అడిగే) ప్రశ్నకు ఇది అచ్చంగా సరిపోయే పాయింట్, పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.