నాన్నకి వేరే గిన్నె లేని పండగ భోజనం

పోయినేడు పండగకి నాన్న ముందు విడిగా ఒక చిన్న గిన్నె పెట్టాం. ఉడకబెట్టిన కూరగాయలు, నాలుగు చికెన్ ముక్కలు, ఉప్పు లేదు నూనె లేదు. అప్పటికి ఆయన గుండెకి స్టెంట్ వేసి మూడు నెలలే. ఆయన ఏమీ అనలేదు, మా ప్లేట్ల వైపు చూడకుండా గబగబా తినేసి లేచి వెళ్ళిపోయారు. ఏడాదంతా అదే కళ్ళల్లో మెదిలింది నాకు. అందుకే ఈసారి ఇంట్లో అందరికీ ఒకటే వంట అని అమ్మకి ముందే చెప్పేశా.

అమ్మ భయమంతా రుచి పోతుందని. అన్నిట్లో అన్నీ తగ్గించేస్తే నిజంగానే పోతుంది. డాక్టర్ కూడా నూనె మానేయమనలేదు, తగ్గించమన్నారు, వెన్న, మాంసం కొవ్వు మాత్రం బాగా తగ్గించమన్నారు, వాటిలో ఉండే శాచురేటెడ్ ఫ్యాటే చెడు కొలెస్ట్రాల్‌ని పెంచేది. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే దాదాపు 120 కేలరీలు. ఎప్పుడూ కొలవకుండా పోసేసేదాన్ని కదా, ఈసారి కొలిచి చూస్తే ఓవెన్లో వేయించే ఒక్క కూరగాయల ట్రేకే ఐదు స్పూన్లు! రెండు చాలు. కాకపోతే ముక్కల్ని తడి లేకుండా తుడిచి, పెద్ద గిన్నెలో వేసి నూనె చేత్తో పట్టించి, ట్రేలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి, తడి ఉంటే ఆవిరికి ఉడికిపోతాయి తప్ప ఎర్రగా వేగవు, రుచంతా ఆ ఎర్రదనంలోనే ఉంది.

చికెన్ స్కిన్‌తోనే ఓవెన్లో పెట్టా, ముందే తీసేస్తే మాంసం ఎండిపోతుంది. లోపల 74 డిగ్రీలు వచ్చాక తీసి, పావుగంట కదపకుండా ఉంచి, వడ్డించేటప్పుడు స్కిన్ తీసేశా.

అసలు కష్టం, అసలు ఆనందం గ్రేవీ దగ్గరే. ముందురోజే ఎముకలు, ఉల్లిపాయ, క్యారెట్, మిరియాలు వేసి స్టాక్ కాచి వడకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచా. పొద్దున్నే మూత తీస్తే పైన తెల్లగా గడ్డకట్టిన కొవ్వు, స్పూన్ అంచుతో లేపితే పెచ్చులా ఊడొచ్చింది, కింద స్టాక్ జెల్లీలా వణుకుతోంది. ఆ కొవ్వంతా ఒక కప్పులోకి తీసి, ఏటా ఇదంతా గ్రేవీలో కలిపే నాన్నకి పెట్టాం అని అమ్మకి చూపించా. అమ్మ ఆ కప్పు వంక కాసేపు చూసింది, తర్వాత ఏం మాట్లాడకుండా కత్తిపీట తీసి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. చిక్కదనానికి వెన్న, మైదా బదులు ఆ ఉల్లిపాయల్నే వెల్లుల్లితో ఎర్రగా వేయించి, స్టాక్‌లో మెత్తగా ఉడికించి మిక్సీ పట్టాం.

ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక టీస్పూన్ కూడా నిండదు. రెడీమేడ్ స్టాక్ క్యూబులు అందుకే వాడలేదు, వాటిల్లో ఉండేది చాలావరకు ఉప్పే. మామూలుగా వేసేదాంట్లో సగం వేసి, దించే ముందు నిమ్మరసం పిండా. పులుపు తగిలితే ఉప్పు తగ్గిన సంగతి నాలుకకి అంతగా తెలీదు.

మ్యాష్డ్ పొటాటో మాత్రం కుదరలేదు. సగం కాలీఫ్లవర్ కలిపా, ఉడకబెట్టడంతో నీళ్ళు పట్టి జారుగా అయిపోయింది. వచ్చేసారి కాలీఫ్లవర్‌ని కూడా ఓవెన్లోనే వేయించి కలపాలి. స్వీట్ జోలికి వెళ్ళలేదు, ఎప్పటిలాగే చేసి చిన్న కప్పుల్లో పెట్టా. పండగ పూట పిల్లలకి చక్కెర లేని స్వీట్ పెట్టడానికి నాకు మనసొప్పదు.

ట్రే మూలల్లో బాగా ఎర్రబడి అంటుకుపోయిన క్యారెట్ ముక్కల్ని నాన్న, మా చిన్నోడు స్పూన్లతో గీకి మరీ పంచుకున్నారు. అందరి ప్లేట్లూ తీసేదాకా నాన్న టేబుల్ దగ్గరే కూర్చుని ఉన్నారు.