వానకాలం తిండి, చైనా వైద్యం, మా సిరొంచ జ్వరాలు

ప్రాణహిత నిండుగా పారే రోజుల్లో సిరొంచలో బట్టలు ఆరవు, ఉప్పు నీరుగారుతుంది, తిన్నది అరగదు. పొద్దున లేస్తే ఒళ్ళంతా బరువు, నాలుక మీద తెల్లటి పూత. చైనా సంప్రదాయ వైద్యం గురించి చదువుతుంటే నన్ను కట్టిపడేసింది సరిగ్గా ఈ కాలం గురించి వాళ్ళు చెప్పిన మాటలే.

వాళ్ళు ఒక్కో కాలాన్ని ఒక్కో అవయవానికి ముడిపెట్టారు. వసంతం కాలేయానిది, ఎండకాలం గుండెది, శరత్తు ఊపిరితిత్తులది, చలికాలం మూత్రపిండాలది. ఎండకాలం చివర తేమ కమ్మేసే రోజుల్ని విడిగా తీసి ప్లీహానికి ఇచ్చారు. ప్లీహమంటే వాళ్ళ లెక్కలో తిన్నదాన్ని అరిగించి ఒంటికి పట్టించే శక్తి మొత్తం. ఆ శక్తికి తేమ పడదట. చల్లటివి, తీపి, నూనె వంటలు తేమను పెంచుతాయంటారు. అల్లం, ఎండబెట్టిన నారింజ జాతి తొక్క, తెల్ల చిక్కుడు గింజలు తగ్గిస్తాయంటారు.

చిక్కుడు గింజల పేరు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా అత్తమ్మ ఏటా ఎండబెట్టి డబ్బాలో దాచేవి అవే కదా! దోరగా వేయించి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికిస్తాను. సరిగ్గా ఉడకని చిక్కుడు గింజలు కడుపుకు మంచివి కావు, అక్కడ తొందర వద్దు. దించేముందు అల్లం, జీలకర్ర. జొన్న గటకతో తింటే కడుపు తేలిగ్గా ఉంటుంది. వానకాలమంతా ఇంట్లో ఫ్రిజ్ నీళ్ళు బంద్. సాయంత్రం మిర్చి బజ్జీలు మానమంటే పిల్లలు అలుగుతారు గానీ, నేను వారానికి ఒక్కసారే చేస్తాను.

జ్వరం దగ్గర మాత్రం ఈ తిండి లెక్కలన్నీ పక్కన పెట్టేస్తాను. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, వానలతోపాటు మలేరియా వస్తుంది. మా వదిన ఆశా కార్యకర్త. "ఆకుల కషాయం తాగితే పోతది గదా, ఇంగ్లీషు గోళీలెందుకు?" అని ఆమెను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పే కథ ఇది.

మలేరియాలో ప్రమాదకరమైన రకం ఫాల్సిపారం. దానికి ఇచ్చే మూడు రోజుల గోళీల్లోని ఆర్టిసునేట్ కూడా ఆకులోంచి వచ్చిందే. ఆ మొక్క పేరు చింగ్‌హావ్, మనం వినాయకుడికి పెట్టే మాచిపత్రికి దగ్గరి చుట్టం. 1967లో చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్యంగా పరిశోధన మొదలుపెట్టింది. అందులో చేరిన శాస్త్రవేత్త టు యుయు పాత వైద్య గ్రంథాలు తిరగేసింది. 4వ శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్ ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, రసం తాగమన్నాడు. మరిగించమనలేదు. వేడికి మందు గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడికే మరిగే ఈథర్ అనే ద్రవంతో సారం తీస్తే ఎలుకల్లో, కోతుల్లో మలేరియా క్రిములు పోయాయి. మనుషులకు ఇచ్చే ముందు తానే తాగి చూసింది. 2015లో నోబెల్ వచ్చింది.

పాత పుస్తకాన్ని ఆమె నమ్మింది, పరీక్షించింది కూడా. అందుకే నాకు ఆమె అంటే అంత గౌరవం. మాచిపత్రి కషాయం తాగితే ఆ గోళీ చేసే పని జరగదు.

చలి పెట్టి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. వేలు పొడిచి చుక్క రక్తం తీసే కిట్ ఆశా దగ్గరే ఉంటుంది, అరగంటలోపే తెలిసిపోతుంది. మా వాడలో ఉంటే నేరుగా వదిన తలుపు కొట్టండి, అర్ధరాత్రయినా ఏమీ అనుకోదు.