అంగుళానికో అడుగు: మా పార్కులోకి వీల్‌చైర్ వెళ్లేలా చేయించుకున్నాం

మాది చెన్నై, వేళచ్చేరి వైపు. పక్షవాతం వచ్చాక నాన్నని ఒంగోలు నుంచి మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. సాయంత్రం కాసేపు బయటికి తీసుకెళ్లండి, నలుగుర్నీ చూస్తే మనిషి తేరుకుంటాడు అని ఫిజియోథెరపీ చేసే అబ్బాయి చెప్తే, రెండు వీధుల అవతలున్న పార్కే దిక్కయింది. (నాన్న మాత్రం మైలాపూర్‌లో నాగేశ్వరరావు పంతులుగారి పార్కుకే తీసుకెళ్లమంటాడు, అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టింది పంతులుగారే కదా, ఆ కబుర్లన్నీ ఉన్నాయి, కానీ రోజూ ఆ ట్రాఫిక్‌లో పడి ఎవరు పోతారు.) మా పార్కు పేరు రాయను. ఎవర్నీ రచ్చకీడ్చాలని లేదు, పైగా ఇక్కడున్న ఇబ్బందులే మీ వీధి పార్కులోనూ ఉండే ఉంటాయి, ఓసారి వెళ్లి చూడండి.

రోడ్డు మీంచి గేటుకి ఎనిమిది అంగుళాల గట్టు. వాన నీళ్లు లోపలికి రాకుండా ఎత్తు లేపారు, వేళచ్చేరి వానలు తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పు పట్టరు. గట్టెక్కాక బైకులు దూరకుండా మెలికలు తిప్పి పాతిన ఇనప పైపులు, వాటిమధ్య మనిషే పక్కకి తిరిగి దాటాలి. తోటమాలి బండి కోసం పక్కన ఇంకో గేటుంది, దానికి ఎప్పుడూ తాళమే. లోపల ట్రాకంతా పేవర్ బ్లాకులు, బాగానే ఉంటాయి, కానుగ చెట్ల వేళ్లు లేపేసిన చోట తప్ప. అన్నిటికంటే నన్ను భయపెట్టింది కాలువ మీది ఇనప జాలీ. దాని కడ్డీలు మనం నడిచే దిక్కుకే పొడుగ్గా ఉన్నాయి. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి కదా, తిన్నగా ఆ సందులోకి దిగబడతాయి, కుర్చీ ఠక్కున ఆగిపోతుంది, కూర్చున్న మనిషి ముందుకి తూలతాడు. వాచ్‌మన్‌ని బతిమాలి పక్క గేటు తీయించుకుని వెళ్లిన మొదటిరోజే ఇది జరిగింది, నాన్నకి నడుం బెల్టు పెట్టి ఉండబట్టి సరిపోయింది.

ఆన్‌లైన్‌లో కార్పొరేషన్‌కి ఫిర్యాదు పెట్టాను, పార్కులో వీల్‌చైర్ సదుపాయం కల్పించగలరు అని. కొన్ని వారాలకి నిజంగానే ర్యాంపు వేశారు! పక్క గేటు ముందు, రోడ్డుకి ఎదురుగా, మూడడుగుల పొడవున. ఎనిమిది అంగుళాల ఎత్తుని మూడడుగుల్లో ఎక్కించాలంటే కుర్చీ వెనక్కి లేస్తుంది, మావారు బలంకొద్దీ తోసినా సగంలో ఆగింది, దిగేటప్పుడైతే కుర్చీని వెనక్కి తిప్పి ఇద్దరం పట్టుకుని దించాం. ఫిర్యాదు మాత్రం ఫొటోతో సహా పరిష్కరించినట్టు మూసేశారు. ఫొటోలో ర్యాంపు ఉంది మరి, ఏమంటాం.

అప్పుడు కూర్చుని చదివాను. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి, అందులో ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదని రాసి ఉంది. అంటే ఎన్ని అంగుళాల ఎత్తో అన్ని అడుగుల పొడవు. లెక్క ఇంత సులువు. ఎనిమిది అంగుళాలకి ఎనిమిది అడుగులు. ర్యాంపు వెడల్పు కనీసం 1200 మిల్లీమీటర్లు, రెండు కుర్చీలు ఎదురెదురుగా దాటాలంటే దారి 1800, కుర్చీ మలుపు తిరిగే చోట 1500 మేర చదునుగా ఉండాలి. ఇక చట్టం సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రజలు వాడే భవనం అంటే ఏంటో చెప్పినచోట వినోదం, కాలక్షేపం కోసం వాడేవి కూడా కలిపారు. 2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకెళ్లింది, ఇలాంటి కొలతలు సలహాల్లా ఉంటే కుదరదు, కనీసం కొన్నయినా తప్పనిసరి నిబంధనలు కావాలి, మూడు నెలల్లో తయారుచేయండి అని కేంద్రానికి చెప్పింది. మళ్లీ పెట్టిన అర్జీలో ఇదంతా రెండు వాక్యాలే రాశాను. చట్టం గురించి పేజీలు పేజీలు రాస్తే ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు, టేపు పెట్టి కొలిచిన అంకెలు రాస్తే మాత్రం ఎవరో ఒకరు వచ్చి చూడక తప్పదు. నేను రాసిందల్లా ఎత్తు ఇంత, ఇప్పుడున్న పొడవు ఇంత, ఉండాల్సింది ఇంత, జాలీ సందు ఇంత, ప్రతి కొలతకీ టేపు కనపడేలా ఒక ఫొటో. తమిళం మాట్లాడ్డం వచ్చినా ఆఫీసు తమిళం రాయడం నావల్ల కాదు, కింద ఇంట్లో ఉండే టీచరమ్మ రాసిపెట్టింది.

సంతకాలు చేసినవాళ్లలో ఎక్కువమంది స్ట్రోలర్ల (పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బళ్లు) తల్లులే. వాళ్ల బాధ వేరు, స్ట్రోలర్‌ని గట్టు మీదికి ఎత్తాలంటే ఇద్దరు కావాలి, అందుకని పిల్లని చంకనేసుకుని బండిని బయటే వదిలేస్తున్నారు. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు, చేతికర్ర తాతలు కూడా చేశారు. పార్కుకి వీల్‌చైర్లు ఎన్నొస్తాయమ్మా అని అడిగినవాళ్లకి ఈ లిస్టు చూపిస్తే సరిపోయింది.

అసలు గొడవ గేటు దగ్గరే వచ్చింది. పార్కు బాగోగులు చూసుకునే కాలనీ అసోసియేషన్‌లో ఒక రిటైర్డ్ బ్యాంకు ఆయన ఉన్నారు, మన నెల్లూరాయనే, పార్కంటే ప్రాణం. "చూడమ్మా, ఆ పైపులు తీసేస్తే రేపటినుంచి బుల్లెట్ బళ్లన్నీ ట్రాక్ మీదే తిరుగుతాయి, ఒకప్పుడు తిరిగేవి కాబట్టే పాతాం" అన్నారు. ఆయన మాట కొట్టేయలేం. కొలిచి చూశాను, నాన్న కుర్చీకీ మా స్కూటర్ హ్యాండిల్‌కీ వెడల్పులో రెండుమూడు అంగుళాలే తేడా. అంటే కుర్చీ పట్టే సందులో స్కూటర్ కూడా పడుతుంది, పైపులు ఎలా పాతినా సరే. ఇది ఇనుముతో తేలే లెక్క కాదు, మనిషి ఉండాలి. "బాబాయ్‌గారూ, పైపులు అలాగే ఉంచండి, పక్క గేటు తాళం మాత్రం పార్కు తెరిచిన టైములో తీసి, గడియ పెట్టి వదలండి, వాచ్‌మన్ కుర్చీ అక్కడికి జరపండి" అన్నాను. వాచ్‌మన్ అప్పట్లో కూర్చునేది పంపు గది వెనక నీడలో, అక్కణ్ణుంచి ఏ గేటూ కనపడదు. నీడ లేకుండా ఎలా కూర్చుంటాడని ఆయనా, ఒక రేకు వేయిద్దామని నేనూ, చివరికి రేకు డబ్బులు మేం కొందరం వేసుకున్నాం. ఒకసారి ఒక డెలివరీ అబ్బాయి అడ్డదారని బండి తెచ్చాడు, వాచ్‌మన్ వెనక్కి పంపాడు, అంతే.

వార్డు ఇంజనీరు వచ్చి చూశాడు. కుర్రాడు, వినే మనిషి. రోడ్డు మీదికి ఎనిమిది అడుగులు పొడిగించలేం, బళ్లు గుద్దుతాయి అన్నాడు. గోడ పక్కన ఎండిపోయిన పూలమొక్కల తొట్టె ఉంటే అది తీసేసి, గోడ వెంబడే పక్కకి ర్యాంపు ఎక్కించి, పైన గేటు ముందు కుర్చీ తిరగడానికి చదును వదలాలని తనే గీసి చూపించాడు. పని చేసిన మేస్త్రి శ్రీకాకుళం అతను, తెలుగు వినగానే ముఖం వెలిగింది. "ఇంత పొడుగేటి మేడమ్, కారెక్కిత్తారేటి?" అని నవ్వాడు. నాన్నని కుర్చీలో తీసుకెళ్లి చూపించాక ఇంక అడగలేదు. ఒక్కచోట మాత్రం వాదించాల్సొచ్చింది: సిమెంటు నున్నగా తోమి అద్దంలా మెరిపిస్తేనే వాళ్లకి పనితనం, కానీ వాన పడితే అది జారుడుబల్ల. పచ్చిగా ఉండగానే కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు గీయించాను, పని పాడయిపోయిందని అతను చాలా బాధపడ్డాడు. జాలీ సంగతి చెప్తే, చదరంగానే ఉంది కదా అని గడ్డపారతో లేపి అడ్డంగా తిప్పి పెట్టేశాడు. ఒక్క పైసా ఖర్చు లేదు.

పేవర్ బ్లాకులు ఒకసారి సరిచేశారు గానీ కానుగ వేళ్లు ఊరుకోవు, మళ్లీ లేస్తాయి. కట్టడం కంటే కాపాడుకోవడం కష్టం ఈ ఊళ్లో. మెరీనాలో వీల్‌చైర్లు నీళ్ల దగ్గరిదాకా వెళ్లేలా 263 మీటర్ల చెక్క దారి 2022 నవంబర్ చివర్లో తెరిచారా, డిసెంబర్‌లో మాండూస్ తుపాను అలలకి దాని చివర దెబ్బతింది, మళ్లీ బాగుచేయాల్సొచ్చింది. మా పార్కుకి తుపాను కూడా అక్కర్లేదు, నాలుగు వానలు చాలు. అందుకే వాకింగ్‌కొచ్చే ఇద్దరు కాలేజీ పిల్లలకి చెప్పి ఉంచాను, ఎక్కడైనా బ్లాకు లేస్తే ఫొటో తీసి పంపమని.

ఇక మిగిలింది టాయిలెట్. ముందు రెండు మెట్లు, తలుపు చూస్తే రెండడుగులే, లోపల పట్టుకోడానికి కడ్డీ లేదు. కొలతలు రాసుకున్నాను, ఈ ఆదివారం టీచరమ్మ ఇంటికెళ్లి అర్జీ రాయించాలి.